స్మార్ట్ మీటరు పెట్టించుకోవాలా, ఉన్న మీటరే చాలా?

వాడకం లెక్కను దానంతటదే కరెంటు కంపెనీకి పంపే స్మార్ట్ మీటరు పెడితే కరెంటు బిల్లు తగ్గుతుందని కరపత్రాల్లో రాస్తారు. పెట్టిన నెలే బిల్లు రెట్టింపయిందని పక్కవీధి వాళ్లు చెబుతారు. కాటా మార్చినంత మాత్రాన బియ్యం బస్తా బరువు మారదు. మీటరు కొలుస్తుంది, అంతే. అందుకే నేనయితే ముందు ఇంకో ప్రశ్న అడుగుతాను: ఎంత కరెంటు కాలుతోందో మీకు రోజూ తెలిసిందనుకోండి, తెలిశాక దాంతో మీరు చేయగలిగే పని ఏదైనా ఉందా? కొన్ని ఇళ్లలో ఉంటుంది, చాలా ఇళ్లలో ఉండదు.

ఈ తెలుసుకునే పనికి మన ముందు నాలుగు దారులున్నాయి. ఉన్న మీటరునే మనం చదువుకోవడం ఒకటి. ఒక్కో సామానుకు స్మార్ట్ ప్లగ్ పెట్టి చూడటం రెండోది. ఇంట్లో ఎంసీబీ స్విచ్చులుండే డీబీ బోర్డులో క్లాంప్ మానిటర్ బిగించుకోవడం మూడోది. డిస్కం, అంటే కరెంటు సరఫరా కంపెనీ, ఇచ్చే స్మార్ట్ మీటరు నాలుగోది, ఇందులో మళ్లీ పోస్ట్‌పెయిడ్, ప్రీపెయిడ్ అని రెండు రకాలు. ఏది మంచిదన్నది ఇంటిని బట్టి మారుతుంది. ఇంటి కంటే ముందు మీరు ఏ రాష్ట్రంలో ఉన్నారన్న దాన్ని బట్టి మారుతుంది.

మీ స్లాబు ఎక్కడ ఉంది?

తెలంగాణలో 2022లో ఖరారైన రేట్ల ప్రకారం నెలకు 101 నుంచి 200 యూనిట్ల మధ్య వాడే ఇంటికి మొదటి వంద యూనిట్లకు 3.40 రూపాయల చొప్పున, తర్వాతి వందకు 4.80 చొప్పున వేస్తారు. సరిగ్గా 200 యూనిట్లు వాడితే ఎనర్జీ చార్జీ 820 రూపాయలు. 201వ యూనిట్ కాలిందంటే మాత్రం లెక్క మొదటికి వస్తుంది. మొదటి 200 యూనిట్లకూ 5.10 చొప్పున పడుతుంది, ఆపైన యూనిట్‌కు 7.70. మొత్తం 1,027 రూపాయల 70 పైసలు. అంటే ఆ ఒక్క యూనిట్ ఖరీదు 207 రూపాయల పైమాటే. వంద దగ్గరా ఇలాంటిదే ఉంది: 100 యూనిట్లకు 252.50 అయితే 101కి 344.80. ఇక గృహజ్యోతి ఉచిత కరెంటు పథకం వర్తించే ఇంట్లో 200 దాకా సున్నా బిల్లు. దాటితే ఆ నెల మొత్తం బిల్లు కట్టాల్సిందే.

ఆంధ్రప్రదేశ్‌లో ఈ గొడవ లేదు. మొదటి 30 యూనిట్లకు 1.90, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6 రూపాయలు, 400 దాకా 8.75, ఆపైన 9.75. ఎంత వాడినా కింది స్లాబుల రేటు మారదు, పెరిగిన యూనిట్లకే పై రేటు పడుతుంది. 225 యూనిట్లు వాడే ఇంటికి ఎనర్జీ చార్జీ 1,017 రూపాయలు. 300 వాడే ఇంటికి 1,673. ఆ చివరి 75 యూనిట్లకే 656 రూపాయలు పోతున్నాయన్నమాట. ఇంధన సర్దుబాటు చార్జీలు, సుంకం, ఫిక్స్‌డ్ చార్జీలు వీటికి అదనం.

ఇప్పుడు మీ బిల్లు తీసి చూడండి. హైదరాబాద్‌లోనో వరంగల్‌లోనో ఉండి నెలకు 180 నుంచి 220 మధ్య వాడుతున్నారా? అయితే రోజువారీ రీడింగ్ తెలియడం మీకు నిజంగా డబ్బే. నెల చివరి వారంలో గీజరు రెండు రోజులు ఆపినా, ఇస్త్రీ బట్టలు వచ్చే బిల్లులోకి నెట్టినా రెండు వందలు మిగులుతాయి. 120 వాడేవాళ్లకు, 450 వాడేవాళ్లకు ఈ లెక్క అంతగా పనికిరాదు. 450 వాళ్లది వేరే సమస్య, ఏది తాగేస్తోందో పట్టుకోవాలి. ఆంధ్రలో గీత దాటితే పెద్దగా ఊడిపడేది ఏమీ లేదు గానీ, 225 పైన వాడే ప్రతి యూనిట్ తగ్గించుకోవడానికి తగినదే.

గోడ మీదున్న మీటరుతో ఎంత పని జరుగుతుంది

దీని గురించి ఎవరూ చెప్పరు, ఎందుకంటే దీన్లో అమ్ముకోవడానికి ఏమీ లేదు. స్పాట్ బిల్లు చీటీ మీద రీడింగ్ తీసిన తేదీ, ఆ రోజు రీడింగ్ ఉంటాయి. మీ నెల ఆ తేదీ నుంచి మొదలవుతుంది, ఒకటో తారీఖు నుంచి కాదు. 200 లోపు ఉండాలంటే రోజుకు దాదాపు 6.7 యూనిట్లు. పదో రోజుకు 67, ఇరవయ్యో రోజుకు 133. ఇరవయ్యో రోజు మీటరు చూసి, చీటీ మీది రీడింగ్ తీసేస్తే 150 వచ్చిందనుకోండి, మిగతా పది రోజులూ రోజుకు 5 యూనిట్లతో సరిపెట్టుకోవాలి. స్మార్ట్ మీటరు యాప్ చూపించేది కూడా ఇదే లెక్క, కాకపోతే రంగుల గ్రాఫు వేసి చూపిస్తుంది.

ఎలక్ట్రానిక్ మీటరయితే ఇంకో విద్య ఉంది. దాని ముఖం మీద ఎర్రటి చిన్న లైటు మిణుకుమిణుకుమంటూ ఉంటుంది. పక్కనే ఒక యూనిట్‌కు అది ఎన్నిసార్లు వెలుగుతుందో రాసి ఉంటుంది. చాలా మీటర్ల మీద 3200 అనో 1600 అనో కనిపిస్తుంది. 3200 అయితే ఒక నిమిషంలో ఎన్ని మిణుకులో లెక్కపెట్టి 18.75తో గుణించండి, ఆ క్షణాన ఇల్లు ఎన్ని వాట్లు లాగుతోందో వచ్చేస్తుంది. 40 మిణుకులంటే 750 వాట్లు. 1600 మీటరయితే 37.5తో గుణించాలి. ఏసీ వేసి ఓసారి, ఆపి ఓసారి లెక్కపెడితే ఆ ఏసీ మాత్రమే లాగేది ఎంతో తెలిసిపోతుంది. పైసా ఖర్చు లేదు.

రాత్రి పడుకునే ముందు ఫ్యాన్లు, లైట్లు, కాసేపు ఫ్రిజ్ కూడా ఆపేసి ఈ లెక్క వేయండి. అన్నీ ఆపాం అనుకున్నాక కూడా నిమిషానికి రెండు మిణుకులు పడుతుంటే 37.5 వాట్లు ఎక్కడో పోతున్నాయి. నెల తిరిగేసరికి 27 యూనిట్లు. సెట్‌టాప్ బాక్సు, వైఫై రౌటరు, ప్లగ్గులోనే వదిలేసిన చార్జర్లు, బ్యాటరీ నిండినా కాస్త కాస్త లాగుతూ ఉండే పాత ఇన్వర్టరు... దొంగ సాధారణంగా వీటిలోనే దొరుకుతాడు. ఆంధ్రలో 6 రూపాయల స్లాబులో ఉన్నవాళ్లకు నెలకు 162 రూపాయలు.

ఇబ్బంది ఎక్కడంటే, అపార్ట్‌మెంట్లలో మీటర్లన్నీ కింద సెల్లారులో గ్రిల్ వెనకాల ఉంటాయి. ఐదో అంతస్తు నుంచి దిగి మిణుకులు లెక్కపెట్టే ఓపిక అందరికీ ఉండదు. పెద్దవాళ్లకు అసలు కుదరదు. రోజూ రాసుకోవడం కూడా మొదటి వారం ఉత్సాహంగా సాగి, రెండో వారం నుంచి మరిచిపోయే పని. అలాంటి ఇంటికి ఫోనులో రీడింగ్ కనబడటం సౌకర్యమే, కాదనను.

స్మార్ట్ ప్లగ్: ఒక్క సామాను మీద అనుమానం ఉన్నప్పుడు

కరెంటు కొలిచే స్మార్ట్ ప్లగ్ వెయ్యి నుంచి రెండు వేల మధ్యలో దొరుకుతుంది. కొనేటప్పుడు రెండు విషయాలు చూడండి. ఒకటి, అన్ని స్మార్ట్ ప్లగ్గులూ కొలవవు. కొన్ని ఫోను నుంచి ఆన్, ఆఫ్ మాత్రమే చేస్తాయి. డబ్బా మీద ఎనర్జీ మానిటరింగ్ అని ఉండాలి. రెండోది ఎంత ఆంపియర్లదో. 2 కిలోవాట్ల గీజరు 9 ఆంపియర్ల దాకా లాగుతుంది, 3 కిలోవాట్లదయితే 13. గీజరు కిందా ఏసీ కిందా 16 ఆంపియర్ల ప్లగ్గే పెట్టాలి. 10 ఆంపియర్ల ప్లగ్గు పెడితే కొన్నాళ్లకు వేడెక్కి కరిగిపోవచ్చు, ఇది డబ్బు విషయం కాదు, నిప్పు విషయం.

ఒక్కటి కొని ఇంట్లో సామాన్లన్నిటి కిందా తిప్పుతూ చూడటం తెలివైన పద్ధతి. ఫ్రిజ్ కింద వారం రోజులు, వాషింగ్ మెషీన్ కింద వారం, తర్వాత టీవీ దగ్గర. పదేళ్ల పాత ఫ్రిజ్ రోజుకు ఎంత తాగుతోందో తెలిస్తే మార్చాలా వద్దా అన్నది ఊహ మీద కాకుండా లెక్క మీద తేలుతుంది. కొత్త ఫ్రిజ్ మీదున్న బీఈఈ (స్టార్ రేటింగ్) లేబుల్‌పై ఏడాదికి ఎన్ని యూనిట్లో రాసే ఉంటుంది, రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు. ఏసీ లేబుల్ మీది అంకె మాత్రం ఏడాదికి 1,600 గంటల వాడకం లెక్కన వేసింది. మార్చి నుంచి జూన్ దాకా పగలూ రాత్రీ నడిపే ఇంట్లో అది పెరుగుతుంది.

అయితే నా సలహా ఇంకోటి. ప్లగ్గుకు పెట్టే రెండు వేలు చేతిలో ఉంటే, ఇంట్లో ఎక్కువసేపు తిరిగే ఫ్యాను ఏదో చూసి దాని స్థానంలో తక్కువ కరెంటు లాగే మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యాను పెట్టడానికి ఆ డబ్బు కలపండి. పాత ఫ్యాను 75 వాట్లు లాగుతుంది, బీఎల్‌డీసీ 30 వాట్ల చుట్టుపక్కల. రోజుకు 12 గంటలు తిరిగితే నెలకు 16 యూనిట్ల తేడా. దీనికి ఏ మీటరూ అక్కర్లేదు, ఎవరూ గ్రాఫులు చూడక్కర్లేదు. కొలిచే యంత్రాల మీద డబ్బు పెట్టి, కొలిచి తెలుసుకున్నాక ఏమీ మార్చని ఇళ్లే ఎక్కువ.

క్లాంప్ మానిటరు

ఇది డీబీ బోర్డులోకి కరెంటు తెచ్చే ఫేజ్ తీగ చుట్టూ బిగించే చిన్న కొక్కెం లాంటిది. తీగను కొయ్యక్కర్లేదు. వైఫై ద్వారా ఇల్లంతటి వాడకం సెకను సెకనుకూ ఫోనులో చూపిస్తుంది. కొన్నిట్లో ఒక్కో సర్క్యూట్‌కూ ఒక్కో క్లాంప్ పెట్టుకోవచ్చు. కరెంటును మాత్రమే కొలిచి వోల్టేజీని అంచనా వేసుకునే చవక రకాలు తప్పు చూపిస్తాయి, వోల్టేజీ కూడా కొలిచేవే తీసుకోవాలి. బిగించడం ఎలక్ట్రీషియన్ పని, మనం చేయి పెట్టకూడదు. మూడు ఏసీలున్న ఇల్లు, సోలారు ఉన్న ఇల్లు, అద్దెకిచ్చిన పోర్షన్లున్న ఇల్లు... వీటికి ఇది సరిపోతుంది. డిస్కం లెక్కకు మీ దగ్గర సొంత సాక్ష్యం కూడా ఉన్నట్టు. రెండు గదుల ఇంటికి మాత్రం దండగ.

డిస్కం స్మార్ట్ మీటరు

కేంద్రం 2021లో ఆర్‌డీఎస్‌ఎస్ అనే పథకం తెచ్చింది. దేశమంతా 25 కోట్ల ప్రీపెయిడ్ స్మార్ట్ మీటర్లు పెట్టాలన్నది లక్ష్యం. మీటరు ఖర్చులో 15 శాతం, గరిష్ఠంగా 900 రూపాయలు కేంద్రం గ్రాంటుగా ఇస్తుంది. మిగతాది మీటర్లు పెట్టే కంపెనీ పెట్టుకుని, ఏళ్ల తరబడి డిస్కం నుంచి నెలనెలా వసూలు చేసుకుంటుంది. మీ చేతి నుంచి ఆ రోజు ఏమీ కట్టక్కర్లేదు, అందుకే ఉచితం అంటారు. డిస్కం ఖర్చు చివరికి ఎవరి బిల్లులో చేరుతుందో వేరే చెప్పాలా.

తప్పనిసరా అన్నది అందరూ అడిగే మాట. ఆంధ్రప్రదేశ్‌లో 2025 జూలైలో ఇంధన మంత్రి గొట్టిపాటి రవికుమార్, వినియోగదారుల అంగీకారం లేకుండా ఇళ్లకు స్మార్ట్ మీటర్లు బిగించొద్దని అధికారులకు చెప్పారు. తెలంగాణలో జీడిమెట్ల ప్రాంతంలో ఒకప్పుడు స్మార్ట్ మీటర్లతో ప్రయోగాత్మకంగా స్మార్ట్ గ్రిడ్ పైలట్ జరిగినా, ఇళ్లకు పెద్ద ఎత్తున రాలేదు. మిగతా రాష్ట్రాల సంగతి వేరు. బిహార్ అందరికంటే ముందు లక్షల ఇళ్లకు ప్రీపెయిడ్ పెట్టేసింది. గుజరాత్‌లోని వడోదరలో 2024 మే నెలలో జనం రోడ్డెక్కితే పని ఆపాల్సి వచ్చింది. మహారాష్ట్ర అదే ఏడాది జూన్‌లో మామూలు వినియోగదారులకు ప్రీపెయిడ్ ఉండదని ప్రకటించి, పోస్ట్‌పెయిడ్ స్మార్ట్ మీటర్ల వైపు మళ్లింది.

ఈ మీటరు లోపల మూడు కొత్త సంగతులుంటాయి. పదిహేను నిమిషాలకో అరగంటకో ఒకసారి వాడకం నమోదు చేసుకుని, మొబైల్ నెట్‌వర్క్ ద్వారానో రేడియో ద్వారానో పంపిస్తుంది. దూరం నుంచే కరెంటు ఆపడానికీ ఇవ్వడానికీ లోపల స్విచ్ ఉంటుంది. మూత తెరిచినా, కరెంటు వెనక్కి వెళ్లే న్యూట్రల్ తీగ తీసినా తేదీతో సహా రాసుకుంటుంది. మొదటిది మనకు ఉపయోగం. మూడోది డిస్కంకు ఉపయోగం. రెండోది ఇద్దరికీ ఉపయోగపడగలదు, ఇద్దరికీ తలనొప్పి కాగలదు. 2020 ఆగస్టు 12న, కృష్ణాష్టమి రోజు, ఉత్తరప్రదేశ్‌లో ఒక తప్పుడు కమాండ్ వెళ్లి లక్షకు పైగా స్మార్ట్ మీటర్ల ఇళ్లకు ఒకేసారి కరెంటు పోయింది. మన పాత మీటరుకు ఎన్ని లోపాలున్నా ఆ పని మాత్రం చేయలేదు.

మరి ఎవరికి లాభం? సోలారు పెట్టించుకునే వాళ్లకు మొదట. పీఎం సూర్యఘర్ కింద 3 కిలోవాట్లకు 78 వేల రూపాయల సబ్సిడీ వస్తోంది. ఎలాగూ రెండు వైపులా కొలిచే నెట్ మీటరు పెట్టాల్సిందే కాబట్టి స్మార్ట్‌ది వస్తే వద్దనకండి. ప్యానెళ్లు పగలు ఎంత బయటికి పంపాయో, సాయంత్రం మీరు ఎంత వెనక్కి లాగారో గంటల వారీగా తెలియకపోతే సోలారు పెట్టిన సగం ప్రయోజనం చీకట్లోనే ఉండిపోతుంది.

తర్వాత, వేళను బట్టి రేటు మారే చోట ఉన్నవాళ్లకు. 2023లో సవరించిన కేంద్ర నిబంధనల ప్రకారం ఎండ ఉండే వేళల్లో రేటు కనీసం 20 శాతం తక్కువ ఉండాలి, వాడకం బాగా ఎక్కువుండే పీక్ వేళల్లో ఇళ్లకు కనీసం పది శాతం ఎక్కువ. మహారాష్ట్రలో 2025 జూలై నుంచి పగటి వాడకానికి యూనిట్‌కు 80 పైసలు తగ్గించారు, సోలాపూర్‌లో ఉండే మన తెలుగువాళ్లకు ఇది అక్కరకొస్తుంది. మీ దగ్గర గృహ వినియోగదారులకు ఈ వేళల వారీ రేటు (టీఓడీ) ఉందో లేదో ఆ ఏటి టారిఫ్ ఆర్డరులో చూసుకోండి. లేకపోతే ఈ లాభం కాగితం మీదే. ఇక్కడ ఇంకో చిక్కుంది. చవక వేళ పగలు, ఖరీదైన వేళ సాయంత్రం. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు వెళ్లి ఆరున్నరకు వచ్చి ఏసీ వేసి, కుక్కరు పెట్టి, స్కూటరు చార్జింగ్ పెట్టే ఇంటికి టీఓడీ వస్తే నష్టమే. పగలు ఇంట్లో పెద్దవాళ్లుండి మోటారు, వాషింగ్ మెషీన్, మిక్సీ పనులు మధ్యాహ్నమే ముగించే ఇంటికి లాభం. యాప్ ఏదైనా ఈ తేడా మార్చలేదు.

ఊళ్లో ఇల్లు తాళం వేసి హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉండేవాళ్లకు కూడా పనికొస్తుంది. ఎవరూ లేని ఇంట్లో యూనిట్లు కాలుతున్నాయంటే ఫోనులోనే తెలిసిపోతుంది. తాళం వేసి ఉందని సగటు బిల్లు కొట్టడమూ తప్పుతుంది.

ప్రీపెయిడా, పోస్ట్‌పెయిడా అంటే ఎంచుకునే వీలున్నంత వరకూ నేను పోస్ట్‌పెయిడే చెబుతాను. బిల్లు కట్టకపోతే కట్ చేయాలంటే విద్యుత్ చట్టం 2003లోని 56వ సెక్షన్ ప్రకారం 15 రోజుల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. ఆ పదిహేను రోజులు చేతిలో డబ్బాడని ఇంటికి పెద్ద ఊరట. ప్రీపెయిడ్‌లో బ్యాలెన్సే నోటీసు. ఇంట్లో ఆక్సిజన్ యంత్రం మీదున్న పెద్దవాళ్లో, ఫ్రిజ్‌లో ఇన్సులినో ఉంటే రీచార్జి మరిచిపోయే టెన్షన్ మనకెందుకు? ప్రీపెయిడ్‌కు ఒక లాభం ఉంది, సెక్యూరిటీ డిపాజిట్ కట్టక్కర్లేదు. అదే చట్టంలోని 47వ సెక్షన్ ఆ మాట చెబుతోంది. రోజుకూలీ డబ్బులతో వంద, రెండొందలుగా రీచార్జి చేసుకోవడం నెలకోసారి రెండు వేలు కట్టడం కంటే తేలిక అనుకునే ఇళ్లూ ఉన్నాయి. అద్దెకున్నవాళ్లు బిల్లు ఎగ్గొట్టి పోతారని భయపడే ఇంటి ఓనర్లకూ ప్రీపెయిడ్ నచ్చుతుంది.

మార్చాక బిల్లు ఎందుకు పెరుగుతుంది

అన్నీ అపోహలే అని కొట్టిపారేయడం తప్పు. పెరిగిన ఇళ్లు నిజంగానే ఉన్నాయి, కారణాలు కూడా ఉన్నాయి.

చక్రం తిరిగే పాత మీటర్లు ఏళ్లు గడిచేకొద్దీ నెమ్మదిస్తాయి, చిన్న ఎల్ఈడీ బల్బుల్లాంటి కొద్ది లోడుకు అసలు కదలకపోవచ్చు. కొత్తది అన్నీ లెక్కేస్తుంది. ఈ మార్పు స్మార్ట్ మీటరుది కాదు, ఏ ఎలక్ట్రానిక్ మీటరు పెట్టినా వచ్చేదే.

రెండో కారణం చాలామందికి తెలియదు. మన దేశంలో ఎలక్ట్రానిక్ మీటర్లు ఫేజ్ తీగలోనూ న్యూట్రల్ తీగలోనూ కరెంటును కొలిచి, ఏది ఎక్కువయితే దాని మీద యూనిట్లు వేస్తాయి. దొంగతనం అరికట్టడానికి పెట్టిన ఏర్పాటు ఇది. కానీ పై పోర్షన్ న్యూట్రల్, కింది పోర్షన్ న్యూట్రల్ ఎక్కడో బోర్డులో కలిసిపోయి ఉంటే, పక్కవాళ్ల కరెంటు మీ న్యూట్రల్ మీదుగా వెనక్కి వెళ్తూ మీ మీటరును తిప్పుతుంది. పాత ఇళ్లలో, ఒకదాని మీద ఒకటి అంతస్తులు లేపుకుంటూ పోయిన ఇళ్లలో, ఇన్వర్టరు వైరింగ్ అడ్డదిడ్డంగా చేసిన చోట ఇది మామూలు. ఇంట్లో అన్నీ ఆపేసినా లైటు మిణుకుతుంటే, మీటరు మీద ఎర్త్ అని రాసిన గుర్తు వెలుగుతుంటే ముందు అనుమానించాల్సింది ఇదే. డిస్కం మీద కేకలేసే ముందు ఒక మంచి ఎలక్ట్రీషియన్‌ను పిలిచి న్యూట్రల్స్ విడదీయించండి.

మూడోది శాంక్షన్డ్ లోడు, అంటే ఒకేసారి ఇంతవరకే లాగొచ్చని మీ కనెక్షన్‌కు మంజూరైన కిలోవాట్లు. పదేళ్ల కిందట 2 కిలోవాట్లకు కనెక్షన్ తీసుకుని తర్వాత రెండు ఏసీలు పెట్టిన ఇళ్లు ఎన్ని లేవు? స్మార్ట్ మీటరు ఒకేసారి ఎంత లోడు లాగారో దాచిపెట్టకుండా చెబుతుంది. అదనపు కిలోవాట్లకు డెవలప్‌మెంట్ చార్జీలు, డిపాజిట్ కట్టమని నోటీసు రావచ్చు. అయితే 2023 నిబంధనలు రెండు రక్షణలిచ్చాయి. స్మార్ట్ మీటరులో కనిపించిన గరిష్ఠ డిమాండును చూపించి, మీటరు పెట్టక ముందు కాలానికి జరిమానా వేయకూడదు. ఒక ఆర్థిక సంవత్సరంలో కనీసం మూడుసార్లు శాంక్షన్డ్ లోడు దాటితేనే లోడును పైకి సవరించాలి. గీజరు, ఏసీ, ఇండక్షన్ స్టవ్ ఒకేసారి వేసిన ఒక్క పూటకే నోటీసు వస్తే ఈ మాట గుర్తు చేయండి.

గేటెడ్ కమ్యూనిటీలు, అద్దె పోర్షన్లు

హైదరాబాద్‌లో చాలామందికి ప్రీపెయిడ్ మీటరంటే తెలిసింది డిస్కంది కాదు, అపార్ట్‌మెంట్ అసోసియేషన్ లేదా బిల్డర్ పెట్టిన డ్యూయల్ సోర్స్ సబ్ మీటరు. కరెంటుకు ఒక రేటు, జనరేటరుకు ఒక రేటు, కొన్నిచోట్ల మెయింటెనెన్సు కూడా అందులోంచే కోసుకుంటారు. మెయింటెనెన్సు గొడవకు కరెంటు పోవడం అనే వింత ఇక్కడే చూస్తాం. ఫ్లాట్ కొనే ముందు కనెక్షన్ ఎవరి పేరు మీద ఉందో, మీకు డిస్కం సర్వీసు నంబరు విడిగా వస్తుందో లేదో అడగండి. సబ్ మీటరు మీద ఉన్నవాళ్లకు డిస్కం స్మార్ట్ మీటరు యాప్ ఏదీ పనికిరాదు.

అద్దె పోర్షన్లదీ ఇదే కథ. యూనిట్‌కు ఎనిమిదో పదో అని ఓనరు చెప్పిందే రేటు. అద్దెకుండేవాళ్లు పెట్టుబడి పెట్టదగినది ఏదైనా ఉందంటే అది ఇల్లు మారినా తీసుకెళ్లగలిగే స్మార్ట్ ప్లగ్గు, లేకపోతే పైన చెప్పిన మిణుకుల లెక్క.

విదేశాల్లో ఉన్నవాళ్లు అడిగితే జవాబు ఇంకోలా ఉంటుంది. టెక్సస్‌లో స్మార్ట్ మీటరు ఇప్పటికే గోడ మీద ఉంది, పదిహేను నిమిషాల లెక్క వెబ్‌సైటులో చూసుకోవచ్చు, రాత్రి ఉచితం అనే ప్లాన్లు కూడా అమ్ముతారు. డాలస్‌లో ఉండి ఆ లెక్క ఒక్కసారైనా దించుకోకుండా ప్లాన్ మార్చడం గుడ్డిగా కొనడమే. బ్రిటన్‌లో అరగంటకో రేటు ఉండే టారిఫ్‌లున్నాయి, వాటికి స్మార్ట్ మీటరు లేకపోతే అసలు తీసుకోనివ్వరు. ఎలక్ట్రిక్ కారు ఉన్న ఇంటికి అక్కడ రెండో ఆలోచన అక్కర్లేదు.

పెట్టించుకోవాలని తేల్చుకుంటే

బిగించడానికి వచ్చిన రోజు పాత మీటరు రీడింగ్, నంబరు కనిపించేలా ఫోటో తీసుకోండి. కొత్తదాని మొదటి రీడింగ్ కూడా. వచ్చినవాళ్ల ఐడీ కార్డు అడగండి, డబ్బులు అడిగితే ఇవ్వకండి. పోస్ట్‌పెయిడా ప్రీపెయిడా అని నోటితో కాకుండా కాగితం మీద తెలుసుకోండి. మొదటి రెండు బిల్లులను పోయినేడు అవే నెలల బిల్లులతో పోల్చండి. మే బిల్లును ఫిబ్రవరి బిల్లుతో పోల్చి మీటరును తిట్టడం అన్యాయం.

పోల్చాక కూడా తేడా ఎక్కువగా ఉంటే 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. 2024 ఫిబ్రవరిలో సవరించిన కేంద్ర నిబంధనల ప్రకారం, రీడింగ్ అసలు వాడకంతో సరిపోలడం లేదని ఫిర్యాదు చేస్తే ఐదు రోజుల్లో పక్కన ఇంకో మీటరు పెట్టాలి, కనీసం మూడు నెలలు రెండిటి లెక్కలూ పోల్చాలి. ఈ నిబంధన పేరు చెప్పి, రాతపూర్వకంగా అడగండి. నోటిమాటగా అడిగితే సాధారణంగా మీటర్లను పరీక్షించే ఎంఆర్‌టీ ల్యాబు టెస్టుకు ఫీజు కట్టమంటారు. అక్కడా తేలకపోతే వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక ఉంది, దానిపైన విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. ఆ వేదిక చిరునామా మీ బిల్లు వెనకాలో, డిస్కం వెబ్‌సైటులోనో దొరుకుతుంది. లాయరును పెట్టుకోవాల్సిన పని లేదు, బిల్లులు, ఫోటోలు, ఫిర్యాదు నంబరు పట్టుకెళ్తే చాలు.